రెండో పసుపు కార్డు: అండర్-13 లీగ్‌లో ఒక కొత్త రిఫరీ కేస్ స్టడీ

నేపథ్యం

తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రం, 2024-25 సీజన్, అండర్-13 బాలుర ఫుట్‌బాల్ లీగ్. జట్టుకు 11 మంది, 25 నిమిషాల చొప్పున రెండు సగాలు, నాలుగో సైజు బంతి. జట్లలో దాదాపు సగం ఫీజు కట్టించుకుని నేర్పే అకాడమీలవి. మిగతావి గురుకులాలవి, జిల్లా పరిషత్ హైస్కూళ్లవి. అకాడమీ పిల్లలు ఒకటో తరగతి నుంచే బూట్లు కట్టినవాళ్లు. గురుకులం పిల్లల్లో కొందరు ఆ ఏడాది స్కూళ్లు తెరిచాకే మొదటిసారి స్టడ్స్ (అడుగున మొనలున్న బూట్లు) తొడిగారు. ఆటలో పెద్ద తేడా ఉండేది కాదు. త్రో (గీత దాటిన బంతిని చేతులతో లోపలికి విసరడం) ఎలా వేయాలి, గోలీ బంతిని ఎంతసేపు పట్టుకోవచ్చు, విజిల్ పడ్డాక బంతి జోలికి పోవచ్చా లేదా, ఇలాంటి చిన్న విషయాల్లోనే తేడా తెలిసిపోయేది.

నేను పీఈటీని, అంటే స్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. జిల్లాలో కొత్త రిఫరీలను మ్యాచ్‌లకు పంపడం, గట్టున నిలబడి చూడటం, తర్వాత కూర్చోబెట్టి మాట్లాడటం నా అదనపు పని. దీనికి డబ్బులు పెద్దగా రావు, తిట్లలో మాత్రం వాటా వస్తుంది. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు తీసేశాను. రెండు మ్యాచ్‌ల సంగతులు కలిపి చెప్పిన చోటు కూడా ఒకటుంది.

ఈ కేసు ఒక కొత్త రిఫరీది. డిగ్రీ చదువుతున్న కుర్రాడు, యూనివర్సిటీ జట్టుకు ఆడినవాడు. పరుగు బాగుంది, విజిల్ గట్టిగా వేస్తాడు, 17 నియమాలూ నోటికి వచ్చు. అతన్ని చూసి నేను సంతోషపడ్డ మాట నిజం. పుస్తకం తెరవని రిఫరీలే మా దగ్గర ఎక్కువ.

వచ్చిన ఫిర్యాదు

లీగ్ మొదలైన కొద్ది వారాలకే అతని మీద ఫిర్యాదులు రావడం మొదలైంది. మొదట్లో అవి సణుగుడు స్థాయిలో ఉండేవి. ఒక గురుకులం జట్టు తెల్ల స్కూల్ సాక్సు ఒకరివి, నీలం సాక్సు ఇంకొకరివి వేసుకొస్తే, అందరివీ ఒకే రంగు అయ్యేదాకా ఆట మొదలుపెట్టనన్నాడు. ఇంకో మ్యాచ్‌లో మొదటి సగమంతా ఫౌల్ త్రోలే. వెనక కాలు లేస్తే విజిల్, బంతి తల వెనక నుంచి రాకపోతే విజిల్, త్రో అవతలి జట్టుకు. వాళ్లూ తప్పుగానే వేస్తారు, మళ్లీ విజిల్. బంతి టచ్‌లైన్ (మైదానం పక్క గీత) దగ్గరే అటూ ఇటూ తిరిగింది కానీ మైదానంలోకి రాలేదు. ఆటలో లేని రైట్ బ్యాక్ ఒకడు నడుం మీద చేతులు పెట్టుకుని ఆవలించడం నేను చూశాను.

ఇంకోసారి గోలీ బంతిని ఆరు సెకన్లకు మించి పట్టుకున్నాడని పెనాల్టీ ఏరియాలో అవతలి జట్టుకు ఇండైరెక్ట్ ఫ్రీ కిక్ (ఇంకొకరికి తగిలాకే గోల్ చెల్లే కిక్) ఇచ్చాడు. అప్పటి నియమం అదే. పిల్లలందరూ గోల్ లైన్ మీద గోడ కట్టి నిలబడ్డారు, బంతి ఎవడి మోకాలికో తగిలి లోపలికి పోయింది. ఆ గోలీకి అలాంటి నియమం ఒకటి ఉందనే తెలియదు.

అసలు గొడవ ఎర్ర కార్డుతో వచ్చింది. గురుకులం జట్టు 0-1తో వెనకబడి ఉంది. ఆట ముగియబోతుండగా ఎడమ వింగ్‌లో ఆడే పిల్లాడు గోల్ కొట్టాడు. సీజన్‌లో వాడికి అదే మొదటి గోల్. కార్నర్ జెండా వైపు పరుగెడుతూ జెర్సీ ముందు అంచు పట్టుకుని తల మీదకి లాక్కున్నాడు, టీవీలో చూసినట్టు. దారి కనబడక నాలుగడుగులు వంకరగా వేసి తోటివాణ్ణి గుద్దుకున్నాడు. రిఫరీ అక్కడికి నడిచి వెళ్లి పసుపు కార్డు చూపించాడు, ఆ వెంటనే ఎర్ర కార్డు. మొదటి సగంలోనే వాడికి ఒక పసుపు ఉంది. పిల్లాడికి ఏం జరిగిందో అర్థం కాలేదు. జెర్సీ కిందికి లాక్కుంటూ, "సార్, గోల్ ఇచ్చిన్రా లేదా?" అని అడిగాడు.

ఆ సాయంత్రం గురుకులం పీఈటీ నాకు ఫోన్ చేశారు. "గింత చిన్నదానికి పోరణ్ణి బయటికి పంపిస్తరా సార్? వాడు రాత్రి అన్నం తినలే." అది ఊహించిందే. కాసేపటికి అవతలి అకాడమీ కోచ్ కూడా ఫోన్ చేశాడు, అదే ఫిర్యాదుతో. లాభపడ్డ జట్టు కూడా మొత్తుకుందంటే సమస్య ఒక కార్డుది కాదని అర్థమైంది.

ఎర్ర కార్డు తప్పా?

ముందు ఇది తేల్చుకోవాలి. గోల్ సంబరంలో జెర్సీ విప్పినా, దాన్ని తల మీదకి కప్పుకున్నా పసుపు కార్డు ఇవ్వాల్సిందేనని 12వ నియమం చెబుతుంది. గోల్ చెల్లకపోయినా కార్డు చెల్లుతుంది. అక్కడ రిఫరీ అభిప్రాయానికి చోటు లేదు. రెండు పసుపులైతే ఎర్ర కార్డు, దానికీ మినహాయింపు లేదు. కాబట్టి చివరి నిమిషాల్లో అతను చేసింది పుస్తకం ప్రకారం సరైనదే. అప్పుడు కార్డు జేబులోనే ఉంచి ఉంటే, ఆ ఊళ్లోనే పక్క మైదానంలో అదే పని చేసి కార్డు తిన్న పిల్లాడికి ఏం చెప్పాలి?

నన్ను ఆలోచింపజేసింది మొదటి పసుపు. నేను మ్యాచ్ చూశాను కాబట్టి చెప్పగలను. ఆఫ్‌సైడ్‌కి విజిల్ పడింది, దాదాపు అదే క్షణంలో ఈ పిల్లాడు బంతిని ముందుకు తన్నాడు. బంతి పది గజాలు పోయింది. అవతలి డిఫెండర్ అప్పుడే లేస్ కట్టుకుంటున్నాడు. ఎవరూ ఫ్రీ కిక్ వేయడానికి తొందరపడటం లేదు. బంతిని దూరంగా తన్ని ఆట తిరిగి మొదలవడాన్ని ఆలస్యం చేస్తే కార్డు ఇవ్వాలని నియమం. కానీ ఆలస్యం జరిగిందా లేదా అన్నది రిఫరీయే చూసి తేల్చాలి. ఇక్కడ అర క్షణం కూడా వృథా కాలేదు. "ఏయ్, విజిల్ విన్నాక ముట్టుకోవద్దు, బంతి తెచ్చివ్వు" అంటే సరిపోయేది.

అంటే వివేకం వాడుకునే వీలు మొదటి సగంలో ఉంది. అక్కడ వాడలేదు. అవసరం పడే వేళకు నియమం చేతులు కట్టేసింది. పెద్దవాళ్ల ఆటలోనూ ఇది జరుగుతుంది గానీ, పిల్లల ఆటలో మరీ ఎక్కువ. పిల్లలు రెండో తప్పు తెలిసి చేయరు, ఆనందంలో చేస్తారు.

మొదట చేసింది, అది బెడిసిన తీరు

ఫిర్యాదుల మీద నిర్వాహక కమిటీ అతన్ని పిలిచి మాట్లాడింది. సారాంశం ఒకటే: "పిల్లలు బాబూ, కాస్త చూసీ చూడనట్టు పో." పెద్దమనుషులు అందరూ తలలూపారు, అతనూ ఊపాడు.

తర్వాతి రెండు వారాల్లో అతను వేరే మనిషి. విజిల్ వేయాల్సిన చోటా వేయలేదు. వెనక నుంచి కాళ్ల మధ్యకు జారి బంతి తీసిన ట్యాకిల్‌కి ఉత్త ఫ్రీ కిక్ ఇచ్చి ఊరుకున్నాడు. ఐదు నిమిషాలకు దెబ్బ తిన్నవాడి స్నేహితుడు బాకీ తీర్చాడు, స్టడ్స్ ముందుకు పెట్టి. ఈసారి కార్డు తీయబోతే, "ఇందాక వాళ్లకి ఇయ్యలేదు కద సార్" అని జట్టంతా చుట్టుముట్టింది. వాళ్ల మాటకు అతని దగ్గర జవాబు లేదు.

అదే ఆదివారం బాలికల ప్రదర్శన మ్యాచ్ ఒకటి ఉంది. ఒక అమ్మాయి కమ్మలు తీయనంటే, వాటి మీద బ్యాండేజ్ టేప్ అంటించి ఆడనిచ్చాడు. నగలు ఏవైనా తీసేయాలి, టేప్ వేసి కప్పడం కుదరదు అని ఆ సీజన్ నాలుగో నియమంలో స్పష్టంగా ఉంది. ఇది అతనికి నోటికి వచ్చిన వాక్యమే. తలతో బంతి కొట్టడానికి లేచినప్పుడు అవతలి అమ్మాయి మోచేయి టేప్‌కి తగిలింది. చెవి తమ్మె చిట్లి జెర్సీ భుజం మీద రక్తం. రెండు కుట్లతో పోయింది, అంతకంటే ఏం కాలేదు.

ఇంకో తేడా మెల్లగా బయటపడింది. గురుకులం పిల్లల మీద జాలితో వాళ్ల ఫౌల్ త్రోలు వదిలేసి, అకాడమీ పిల్లలవి పట్టుకోవడం మొదలుపెట్టాడు. వాళ్లకు నేర్పేవాళ్లున్నారు కదా అని అతని వాదన. ఒక అకాడమీ కోచ్ నోట్‌బుక్‌లో గీతలు పెట్టి లెక్క చూపించాడు. ఆ కోచ్ అన్నది న్యాయమే. ఒక జట్టును చూసి ఇంకో జట్టుకు వేరే చట్టం పెడితే అది వివేకం కాదు. పైగా జాలి పడుతున్నారని గురుకులం పిల్లలకు తెలిస్తే, వాళ్లు దాన్ని ఇష్టపడతారా? నేను పాఠాలు చెప్పే పిల్లలైతే ఇష్టపడరు.

"చూసీ చూడనట్టు పో" అనే మాటలో ఏది చూడాలో, ఏది వదలాలో లేదు. నియమాలు నోటికి వచ్చిన కుర్రాడికి ఆ మాట చెబితే, ఇక పుస్తకం పక్కన పెట్టమన్నారని వింటాడు. అతను అలాగే విన్నాడు.

ఏం ఆలోచించాం

స్కూల్ స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని నియమాల పుస్తకం మొదటి నుంచి తిరగేశాం. అతను చదివిన తీరులో ఒక లోపం నాకు అప్పుడు కనబడింది. శిక్షలు బాగా గుర్తున్నాయి, శిక్షకు ముందున్న షరతులు గుర్తులేవు. ఉదాహరణకు ఫౌల్‌కి పుస్తకంలోనే మూడు మెట్లు ఉన్నాయి. అజాగ్రత్తగా చేస్తే ఫ్రీ కిక్ చాలు, కార్డు లేదు. ఎదుటివాడికి ఏమవుతుందో పట్టించుకోకుండా చేస్తే పసుపు. అవసరానికి మించిన బలంతో, అవతలివాడికి దెబ్బ తగిలేలా చేస్తే ఎర్ర కార్డు. ఇతను మొదటి మెట్టుకే పసుపు తీస్తున్నాడు. అది కఠినత్వం అనుకున్నాడు, అసలు పుస్తకమే అడగనిది. సాక్సు సంగతీ అంతే. రెండు జట్లు విడిగా కనబడాలి, రిఫరీకీ వాళ్లకీ తేడా తెలియాలి అన్నదే అక్కడి ఉద్దేశం. తెల్ల సాక్సు, నీలం సాక్సు కలిసినంత మాత్రాన ఆట ఆగక్కర్లేదు.

ఐదో నియమం రిఫరీ నిర్ణయాలు నియమాల ప్రకారం, ఆట స్ఫూర్తి ప్రకారం ఉండాలని, నియమాల చట్రంలోనే అతనికి విచక్షణ ఉంటుందని చెబుతుంది. ఆ చట్రం అనే మాట మీద చాలాసేపు ఆగాం. నియమాలు రాసే అంతర్జాతీయ బోర్డు, పుస్తకంలో నేరుగా లేని సందర్భం వస్తే "ఈ చోట ఫుట్‌బాల్ ఏం కోరుకుంటుంది?" అని మనల్ని మనమే అడగమంటుంది. అది ఖాళీల కోసం పెట్టిన ప్రశ్న. జెర్సీ తల మీదకి లాక్కుంటే ఏం చేయాలో పుస్తకంలో రాసే ఉంది, అక్కడ ఆ ప్రశ్నకు పని లేదు.

తర్వాత ఆటలో మామూలుగా వచ్చే తప్పులను ఒక్కొక్కటిగా తీసి, "ఇప్పుడు విజిల్ వేయకపోతే నష్టం ఎవరికి?" అని ప్రశ్నించుకున్నాం. ఒంటికి దెబ్బ తగిలేదైతే, అది కమ్మ కానీ షిన్ ప్యాడ్ (మోకాలి కింది ఎముకకు సాక్సు లోపల పెట్టుకునే రక్షణ పలక) లేకపోవడం కానీ స్టడ్స్ కానీ, మాటల్లేవు. అవతలి జట్టు నష్టపోయేదైతే విజిల్ పడాలి, కానీ కార్డు పడాలా అన్నది మూడు మెట్ల లెక్క. ఎవరికీ నష్టం లేదు, పిల్లాడికి రాక చేశాడు అంటే, అక్కడ నోరు వాడొచ్చు. ఫౌల్ త్రో ఈ మూడో దాంట్లోకి వస్తుందా అని మా ఇద్దరికీ వాదన జరిగింది. వస్తుంది అని నేను, రాదు అని అతను. పుస్తకం ప్రకారం తప్పు త్రో అవతలి జట్టుకు పోవాలి, అది వాళ్ల హక్కు, మనం ఎలా తీసేస్తాం అన్నాడు. అతని మాటే సరైంది. అందుకే దాన్ని రిఫరీ దయకు వదలకుండా కాగితం మీదికి తెచ్చాం.

పనిచేసినవి

కమిటీ చేత లీగ్ నిబంధనల్లో ఒక పేజీ చేర్పించాం. అండర్-13 లీగ్ దశలో ఒక ఆటగాడు మ్యాచ్‌లో మొదటిసారి తప్పుగా త్రో వేస్తే రిఫరీ చూపించి మళ్లీ వేయిస్తాడు, రెండోసారి నుంచి బంతి అవతలి జట్టుకు. సెమీఫైనల్ నుంచి ఈ సడలింపు లేదు. పిల్లల ఆటకు బోర్డు అనుమతించే మార్పుల జాబితాలో మైదానం కొలతలు, బంతి సైజు, ఆట సమయం, బయటికి వెళ్లినవాడు మళ్లీ లోపలికి రావడం వంటివి ఉన్నాయి, త్రో లేదు. అయినా జిల్లా స్థాయిలో, రెండు జట్లకూ ముందే చెప్పి, అందరికీ ఒకేలా అమలు చేస్తే దానితో ఎవరికీ అన్యాయం జరగదని కమిటీ తీసుకున్న నిర్ణయం అది. నాకు నచ్చింది ఏమిటంటే ఇక అది రిఫరీ మంచితనం కాదు, నిబంధన.

పసుపు కార్డు తిన్న పిల్లాణ్ణి కాసేపు బయట కూర్చోబెట్టే పద్ధతి కూడా చర్చకు వచ్చింది. పిల్లల ఆటలో దానికి అనుమతి ఉంది, మొత్తం సమయంలో 10 నుంచి 15 శాతం. మా 50 నిమిషాల ఆటకు అది 5 నుంచి 7 నిమిషాలు. కానీ ఎవరు ఎప్పుడు లోపలికి రావాలో గడియారం చూసే మనిషి ఒకరు కావాలి. మా దగ్గర లైన్స్‌మెన్ దొరకడమే కష్టం. వదిలేశాం.

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది రిఫరీ ముందుగా రావడం. ఆట మొదలవడానికి 45 నిమిషాల ముందే అతను మైదానంలో ఉండేవాడు. పిల్లలను వరసగా నిలబెట్టి చెవులు, మెడ, చేతులు చూసేవాడు. షిన్ ప్యాడ్ల మీద వేలితో కొట్టి చూసేవాడు. అట్టముక్క అయితే శబ్దం వేరేలా వస్తుంది. ఇక్కడ మా మైదానాల్లో తెలియనివాళ్లు నమ్మని దృశ్యం ఒకటి ఉంది. ఆటగాడు మారేటప్పుడు బయటికొచ్చినవాడు గీత దగ్గర కూలబడి, సాక్సు దించి, చెమటకు తడిసిన షిన్ ప్యాడ్లు తీసి, లోపలికి వెళ్లేవాడికి ఇస్తాడు. జట్టు మొత్తానికి ఉన్నవి పదకొండు జతలే. లీగ్ మొదట్లో అతను దీన్ని ఆలస్యం కింద లెక్కేసి కోచ్‌ను హెచ్చరించాడు. ఇప్పుడు కమిటీ కొన్న అదనపు జతలు ఒక సంచిలో రిఫరీ టేబుల్ కింద ఉంటాయి. షిన్ ప్యాడ్ లేకుండా ఎవరూ ఆడరు, ఇవ్వడం తీసుకోవడం కోసం ఆట ఆగదు.

కార్డు అవసరం రాకుండా చూడటం అతను మెల్లగా నేర్చుకున్నాడు. ఒక మ్యాచ్‌లో గోల్ కొట్టిన పిల్లాడి చేతులు జెర్సీ అంచు మీదికి పోవడం చూసి, పక్కన పరుగెడుతూ "జెర్సీ వదులు, జెర్సీ వదులు!" అని అరిచాడు. పిల్లాడు ఉలిక్కిపడి వదిలేసి, ఆ చేతులతోనే దండం పెట్టాడు. ఆ మ్యాచ్‌లోనే మోకాలి మీద పడ్డ ట్యాకిల్‌కి క్షణం ఆలోచించకుండా పసుపు తీశాడు. ఈసారి ఎవరూ చుట్టుముట్టలేదు.

మాల వేసుకున్న పిల్లాడు

నవంబర్ చివర్లో అసలైన పరీక్ష వచ్చింది. ఒక జిల్లా పరిషత్ స్కూల్ జట్టు కెప్టెన్ అయ్యప్ప దీక్ష తీసుకున్నాడు. జెర్సీ వేసుకుని, మెడలో తులసి పూసల మాల, దానికి లాకెట్, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా వచ్చాడు. తండ్రి కూడా మాలలోనే ఉన్నారు. దీక్ష 41 రోజులు. గురుస్వామి చేత వేయించుకున్న మాల, శబరిమల వెళ్లొచ్చేదాకా తీయరు. తీయమని అడగడమే తప్పు అనుకునేవాళ్లు మా ఊళ్లో చాలామంది ఉన్నారు.

నేను గట్టున ఉన్నాను. జోక్యం చేసుకోలేదు.

రిఫరీ పిల్లాణ్ణి, తండ్రిని జట్టుకు దూరంగా చెట్టు కిందికి తీసుకెళ్లాడు. ఇద్దరినీ స్వామీ అనే పిలిచాడు, పన్నెండేళ్ల కెప్టెన్‌ను కూడా. దీక్షలో ఉన్నవాళ్లను ఇక్కడ అలాగే పిలుస్తారు. మాల తీయమని అనలేదు. "ఈ మాలతో, బూట్లు లేకుండా ఆడనివ్వలేను స్వామీ" అన్నాడు.

తండ్రి వాదన గట్టిది. "జెర్సీ లోపల వేసుకుంటడు స్వామీ, మీద టేప్ వేస్తం." కుదరదన్నాడు. "మరి తలకు గుడ్డ కట్టుకునేటోళ్లను, పగిడీ పెట్టుకునేటోళ్లను ఆడనిస్తలేరా?" ఇది మంచి ప్రశ్న. 2014లో బోర్డు తల కప్పుకునే వస్త్రాలను అనుమతించింది నిజమే. అంతకుముందు కెనడాలోని క్యుబెక్‌లో హిజాబ్ వల్ల 2007లో ఒక అమ్మాయిని ఆడనివ్వలేదు, 2013లో సిక్కు పిల్లల తలపాగాల మీద పెద్ద గొడవ జరిగింది. అయితే 2014లో అనుమతి వచ్చినప్పుడు షరతులు కూడా వచ్చాయి. రంగు జెర్సీకి కలవాలి లేదా నలుపు కావాలి, జెర్సీకి కుట్టి ఉండకూడదు, బయటికి పొడుచుకొచ్చే భాగం ఉండకూడదు, వేసుకున్నవాడికి కానీ ఎదుటివాడికి కానీ ప్రమాదం కాకూడదు. అంటే కొలిచింది మతాన్ని కాదు, ప్రమాదాన్ని. మెడ చుట్టూ ఉండే పూసల దండ ఆ కొలతలో నిలవదు. వెనక నుంచి జెర్సీ లాగడం ఈ వయసు పిల్లలకు అలవాటు. వేళ్లు దండలో పడితే గొంతు బిగుస్తుంది, లేదా తాడు తెగుతుంది. దీక్షలో ఉన్న ఇంట్లో మాల తెగితే ఎంత బాధపడతారో ఆ తండ్రికి చెప్పక్కర్లేదు. రిఫరీ చివరికి ఆ ముక్క ఎత్తాడు. అప్పుడే ఆయన కాస్త మెత్తబడ్డారు.

అవతలి కోచ్ వచ్చి, "మాకేం అభ్యంతరం లేదు, ఆడనీయండి సార్" అన్నాడు. వినడానికి ఎంత బాగున్నా ఈ మాటకు విలువ లేదు. త్రో సంగతైతే అవతలి జట్టు వదులుకోగలదు, అది వాళ్లకు రావాల్సింది. పిల్లాడి మెడ వాళ్లు వదులుకునేది కాదు.

ఇంకో పెద్దాయన, ఒకప్పుడు హైదరాబాద్‌లో లీగ్ ఆడానని చెప్పుకునే మనిషి, ఒట్టికాళ్ల సంగతి ఎత్తారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఫ్రాన్స్‌తో ఆడారు, 1-2 తేడాతో ఓడినా జనం చప్పట్లు కొట్టారు అని. అదీ నిజమే. 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడాక బూట్లు తప్పనిసరి చేశారన్నది ఆయన చెప్పని రెండో సగం. పైగా మిగతా 21 మంది స్టడ్స్‌తో ఉన్న చోట ఒక్కడు ఒట్టికాళ్లతో ఆడటం వేరే సంగతి.

పిల్లాడు ఆడలేదు. నిర్ణయం ముందే తెలియడంతో జట్టు సర్దుకోవడానికి అరగంట దొరికింది. పేర్ల గడువు దాటినా ఒక కొత్త పేరు చేర్చుకోవడానికి కమిటీ ఆ జట్టుకు అనుమతి ఇచ్చింది. దీనిలో భద్రత ప్రశ్న లేదు, అవతలి జట్లను అడిగితే ఒప్పుకున్నాయి. టచ్‌లైన్ జెండా పట్టుకుంటావా స్వామీ అని రిఫరీ అడిగితే పిల్లాడు వద్దన్నాడు. సబ్‌స్టిట్యూట్ల పక్కన కూర్చుని ఆట చూశాడు, విరామంలో జట్టుతో మాట్లాడాడు. తండ్రి తర్వాత కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చారు. కమిటీ రిఫరీ నిర్ణయాన్నే సమర్థించింది. ఆయన ఒప్పుకున్నారని చెప్పను, కానీ జనవరిలో పిల్లాడు తిరిగి జట్టులోకి వచ్చినప్పుడు ఆయనే తీసుకొచ్చారు, బూట్లు చేతిలో పట్టుకుని.

ఇదే ప్రశ్న రెండు నెలల ముందు వచ్చుంటే అతను పేర్ల గడువు కూడా దాటనిచ్చేవాడు కాదు. నెల ముందు వచ్చుంటే మాల మీద టేప్ వేయించేవాడు.

తర్వాత

ఆరు సెకన్ల నియమం సంగతి చెప్పాలి. దాన్ని అంతర్జాతీయ మ్యాచ్‌ల్లోనే రిఫరీలు దాదాపు అమలు చేసేవాళ్లు కాదు. తప్పు చిన్నది, శిక్ష గోల్‌తో సమానం. 2025 జూలై నుంచి బోర్డు దాన్ని మార్చింది. ఇప్పుడు ఎనిమిది సెకన్లు, చివరి ఐదు సెకన్లు రిఫరీ చెయ్యెత్తి వేళ్లతో లెక్క చూపించాలి, దాటితే కార్నర్ కిక్. మా అండర్-13 గోలీలు ఆ వేళ్లు చూసి బంతి వదిలేస్తున్నారు. శిక్ష తప్పుకు తగ్గట్టు ఉంటే, దాన్ని అమలు చేయడానికి రిఫరీ వెనకాడడు. కొత్త రిఫరీలకు శిక్షణ ఇచ్చేటప్పుడు నేను ఈ మార్పును తప్పకుండా చూపిస్తాను.

లీగ్ దరఖాస్తు ఫారంలో ఇప్పుడు రెండు వరసలు ఎక్కువయ్యాయి. దీక్షలు, మొక్కులు ఏవైనా ఉంటే తేదీలు రాయాలి, దాన్ని బట్టి కుదిరినంత వరకు మ్యాచ్‌లు ముందుకు వెనక్కు జరుపుతాం. కొత్తగా చెవులు, ముక్కు కుట్టించుకుంటే సీజన్ ముగిశాకే కుట్టించుకోమని రాశాం. మొదటిది పనిచేస్తోంది. రెండోది ఇంకా కుదరలేదు. కుట్టించిన కొన్ని వారాల దాకా కమ్మ తీస్తే రంధ్రం పూడుకుపోతుందని తల్లులు అంటారు, వాళ్లు అన్నదీ నిజమే. బాలికల జట్లు పెరుగుతున్నాయి కాబట్టి ఈ గొడవా పెరుగుతుంది. ప్రతి సీజన్‌లోనూ ఒకరిద్దరు అమ్మాయిలు జెర్సీ వేసుకుని వచ్చి, ఆడకుండానే వెనక్కి పోతున్నారు. దీనికి మా దగ్గర ఇప్పటిదాకా మంచి ఉపాయం లేదు.